వీడియో గేముల దృశ్యములు : న్యాయోపయోగ విచారము

వ్యాఖ్యాతకు మూలము కావలెను. పద్యమును ఎదుట నుంచుకొననిదే దాని గుణదోషములను చర్చించుట సాధ్యము కాదు. కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్రాసిన వ్యాఖ్యలను చూడుడు. శ్లోకము ముందు నడచును, వ్యాఖ్య దాని వెంట నడచును. వ్యాఖ్యను ఆద్యంతము చదివినవాడు మూలమును కూడ ఆద్యంతము చదివినవాడే యగును. అయినను మల్లినాథుడు కాళిదాసు సొమ్మును అపహరించెనని యెవరును అనరు. ఆ కాలమున గ్రంథస్వామ్యమను భావమే లేదు గదా యని యెవరైన ఆక్షేపింపవచ్చును. అది నిజమే. కాని ఆ భావము శాసనరూపమును పొందిన తరువాత కూడ పెక్కు దేశములు విమర్శకునకును, అధ్యాపకునకును, పరిశోధకునకును కొంత వెసులుబాటు నుంచినవి. ఆ వెసులుబాటు ఎంతవరకు పోవును, ఎచ్చట ఆగును అను ప్రశ్న మన కాలమున ఒక కొత్త రంగమున మిక్కిలి తీవ్రముగా తలయెత్తినది. అది వీడియో గేముల రంగము.

వీడియో గేమును ఆడుచు, తెరపై కనబడినది కనబడినట్లు రికార్డు చేసి, దానికి తమ మాటలను జోడించి, యూట్యూబు వంటి వేదికలపై ప్రదర్శించువారు నేడు అసంఖ్యాకులు. తెలుగులో కూడ అట్టి వీడియోలు వెలువడుచున్నవి. వాని నడుమ వచ్చు వాణిజ్య ప్రకటనల వలన వీడియోకర్తకు ఆదాయము లభించును. ప్రకటనల ఆదాయములో కొంత భాగమును వీడియోకర్తలకు పంచు పద్ధతిని యూట్యూబు 2007లో ప్రారంభించెను. నాటితోనే ఈ వివాదమునకు బీజము పడినదనవచ్చును. గేమును నిర్మించిన సంస్థ, బొమ్మ మాది, పాట మాది, కథ మాది, ఆదాయము నీకెట్లు చెందునని యడుగును. వీడియోకర్త, ఆట నాది, మాట నాది, చూచువారు నా మాట వినుటకే వచ్చుచున్నారని బదులు చెప్పును. ఇరువురి వాదములలోను కొంత సత్యము కలదు. కావుననే ఈ తగవు సులభముగా తెగుట లేదు.

ఈ వ్యాసమున మేము ప్రతిపాదింపదలచినవి రెండు విషయములు. తీసికొన్న దృశ్యమెంత, గడించిన సొమ్మెంత అను లెక్కలకంటె, ఆ దృశ్యము కొత్త మాటకు ఎట్లు తోడ్పడినదను ప్రశ్నయే ముఖ్యమని చూపుట మొదటిది. ఆచరణలో ఆ ప్రశ్న న్యాయస్థానము గడప తొక్కకయే ముగిసిపోవుచున్నదనియు, అందువలన హక్కుగా నుండవలసినది అనుగ్రహముగా మారుచున్నదనియు చూపుట రెండవది.

వీడియోల తీరుతెన్నులు

ఇట్టి వీడియోలన్నియు ఒక్క తీరువి కావు. వానిని నాలుగు తెగలుగా విభజింపవచ్చును. గేములోని కొన్ని దృశ్యములను చూపుచు దాని గుణదోషములను చర్చించు సమీక్షలు మొదటి తెగ. గేమును మొదటినుండి చివరవరకు ఆడుచు, తోడుతోడనే మాటలాడుచు, నవ్వుచు, పొరపాటులు చేయుచు సాగునవి రెండవ తెగ. వీనిని 'లెట్స్ ప్లే' వీడియోలందురు. మాటయే లేక ఆటను మాత్రము ఆద్యంతము చూపునవి మూడవ తెగ. ఆటను కూడ తొలగించి, గేములోని కథాఘట్టములను మాత్రము వరుసగా కూర్చి చలనచిత్రమువలె చూపునవి నాలుగవ తెగ.

మొదటి తెగ మనమెరిగిన గ్రంథసమీక్షకు దగ్గరగా నున్నది. నాలుగవ తెగ గ్రంథమును తిరిగి అచ్చువేయుటకు దగ్గరగా నున్నది. చిక్కు అంతయు నడిమి రెండు తెగలలో, విశేషించి లెట్స్ ప్లే వీడియోలలో కలదు. వానిలో మూలము సంపూర్ణముగా కనబడును, వ్యాఖ్యయు సంపూర్ణముగా వినబడును.

తెరపై దృశ్యమెవరిది?

తగవునకు ముందు సొత్తెవరిదో తేలవలెను. వీడియో గేములో రెండు వస్తువులున్నవి. కంప్యూటరును నడుపు ప్రోగ్రాము ఒకటి. దాని ఫలితముగా తెరపై కనబడు దృశ్యము, వినబడు శబ్దము మరియొకటి. ఈ రెండింటికిని వేరు వేరుగా గ్రంథస్వామ్యము, అనగా కాపీరైటు, వర్తించును.

దృశ్యము విషయమున తొలి తీర్పులు అమెరికాలో వెలువడినవి. 'స్క్రాంబుల్' అను గేమును గూర్చి స్టెర్న్ ఎలక్ట్రానిక్స్ సంస్థకును కాఫ్‌మన్‌కును నడచిన వ్యాజ్యమున, రెండవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము 1982లో తీర్పు చెప్పెను. ఆట ఆడిన ప్రతిసారియు దృశ్యక్రమము మారును, ఆ మార్పునకు కారకుడు ఆటగాడు, కావున స్థిరమైన కృతి యేదియు లేదని ప్రతివాదుల వాదము. న్యాయస్థానము దానిని అంగీకరింపలేదు. ఎవరాడినను దృశ్యములలోను, శబ్దములలోను అధికభాగము మారక నిలుచునని చెప్పి, నిర్మాతకు స్వామ్యము కలదని తేల్చెను. మరుసటి యేట, 1983లో, మిడ్‌వే – ఆర్టిక్ వ్యాజ్యమున ఏడవ సర్క్యూట్ న్యాయస్థానము ఇంకను స్పష్టముగా మాటలాడెను. గేమాడుట నవల వ్రాయుట వంటిది కాదనియు, టెలివిజనులో చానలు మార్చుటకే అది దగ్గరగా నున్నదనియు దాని యభిప్రాయము.

మన అవధాన సంప్రదాయమును తలచుకొన్నచో ఈ అభిప్రాయమునకు గల పరిమితి తెలియును. పృచ్ఛకుడు సమస్య నిచ్చును. తక్కిన పాదములను అవధాని పూరించును. చివరి పాదము పృచ్ఛకునిదే యైనను పద్యము అవధానిదిగా లోకమున చెల్లును. పృచ్ఛకుడిచ్చినది కట్టుబాటు, అవధాని చేసినది సృష్టి. వీడియో గేములలో కొన్ని సమస్యాపూరణమువంటివి. 2011లో సంపూర్ణరూపమున వెలువడిన 'మైన్‌క్రాఫ్ట్'లో నిర్మాతలు దిమ్మెలను, నియమములను మాత్రమిచ్చిరి. కోటలు, పట్టణములు, యంత్రములు కట్టినది ఆటగాండ్రు. మరికొన్ని గేములు దీనికి పూర్తిగా విరుద్ధములు. వానిలో వాక్యములన్నియు ముందే వ్రాసియున్నవి; ఆటగాడు పుట తిప్పును, అప్పుడప్పుడు రెండు దారులలో నొకదానిని ఎన్నుకొనును. 1982, 1983 నాటి గేములను చూచి చెప్పిన మాట రెండవ జాతికి సరిపడినంతగా మొదటి జాతికి సరిపడదు.

అయినను ఒక విషయమును విస్మరింపరాదు. ఆటగాడు కట్టిన కోట యతని ప్రతిభ యగును గాక. కోటలోని దిమ్మె బొమ్మ నిర్మాతదే. కావున వీడియోకర్త కొంత పరుల సొత్తును వాడుకొనుచున్నాడనుట నిర్వివాదము. ఆ వాడుక న్యాయమా కాదా యనునదే యిక మిగిలిన ప్రశ్న.

నాలుగు గీటురాళ్లు

అమెరికా శాసనమున 'ఫెయిర్ యూజ్' అను పేరుగల సూత్రమును మేము న్యాయోపయోగమని వ్యవహరింతుము. అనుమతి లేకయే పరకృతిని కొన్ని ప్రయోజనములకై వాడుకొను స్వేచ్ఛ యని దాని తాత్పర్యము. దీనికి పునాది వేసిన తీర్పు 1841 నాటిది. జారెడ్ స్పార్క్స్ పండ్రెండు సంపుటములుగా ప్రకటించిన జార్జి వాషింగ్టను రచనలనుండి చార్లెస్ అప్‌హాం 353 పుటలను యథాతథముగా గ్రహించి రెండు సంపుటముల జీవితచరిత్రను కూర్చెను. న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ దానిని అపహరణముగానే నిర్ణయించెను. కాని యా తీర్పుననే ఆయన ఒక వివేచన చేసెను. సమీక్షకుడు నిజమైన విమర్శ కొరకు మూలమునుండి విరివిగా ఉదాహరింపవచ్చును. మూలమునకు బదులుగా నిలుచు దానిని తయారు చేయుటకై ముఖ్యభాగములను తీసికొనరాదు. విమర్శించుట, బదులగుట అను ఈ రెండింటి నడుమనే నేటి వివాదమంతయు నడచుచున్నది.

1976 నాటి అమెరికా కాపీరైటు శాసనము 107వ విభాగమున ఈ సూత్రమునకు స్థానము కల్పించెను. విమర్శ, వ్యాఖ్య, వార్తానివేదనము, బోధనము, పాండిత్యము, పరిశోధన అను ప్రయోజనములను ఉదాహరణములుగా పేర్కొని, నాలుగు గీటురాళ్లను నిర్దేశించెను. ఉపయోగము యొక్క ప్రయోజనమును స్వభావమును. మూలకృతి యొక్క స్వభావము. తీసికొన్న భాగము యొక్క పరిమాణమును ప్రాధాన్యమును. మూలకృతి యొక్క విపణిపై కలుగు ప్రభావము. వీనిలో ఏ యొక్కటియు తనంత తాను నిర్ణాయకము కాదు. నాలుగింటిని కలిపి తూచవలెను.

రెండవ గీటురాయి గేము నిర్మాతకే అనుకూలము. గేము కల్పనాప్రధానమైన కృతి గనుక. మూడవ గీటురాయి పైకి చూచినచో లెట్స్ ప్లేకు మిక్కిలి ప్రతికూలము. గంటల తరబడి దృశ్యము గ్రహింపబడుచున్నది గనుక. ఇచ్చట ఒక విశేషమున్నది. తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానము 2000లో సోనీ – బ్లీమ్ వ్యాజ్యమున గేముతెర నిశ్చలచిత్రములను పోలిక చూపు వ్యాపారప్రకటనలో వాడుట న్యాయోపయోగమని నిర్ణయించెను. ఒక్క నిశ్చలచిత్రము సంపూర్ణమైన గేములో అత్యల్పభాగమని యచట కారణము చెప్పబడెను. కాని కదలు దృశ్యము గంటల తరబడి సాగినప్పుడు ఆ కారణము నిలువదు. కావున లెట్స్ ప్లే వీడియోకు రక్షణ మొదటి, నాలుగవ గీటురాళ్లలోనే వెదుకవలసియున్నది.

ధనార్జన దోషమా?

ఆదాయము వచ్చుచున్నది గనుక న్యాయోపయోగము కాదను వాదము తరచు వినబడును. ఈ వాదము శాసనమునకు సరిపడదు. వార్తాపత్రికలు ఊరక పంచబడుట లేదు. సమీక్షకులు పారితోషికము పుచ్చుకొందురు. విమర్శగ్రంథములు వెలకే అమ్మబడును. ధనార్జనయే దోషమైనచో శాసనము పేర్కొన్న ప్రయోజనములలో అధికభాగము నశించును. 1994లో క్యాంప్‌బెల్ – అకఫ్ రోజ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీం కోర్టు ఈ మాటనే స్థిరపరచెను. రాయ్ ఆర్బిసన్ పాటకు '2 లైవ్ క్రూ' బృందము చేసిన వికటానుకరణమును గూర్చిన తగవది. వాణిజ్యపరమైనంత మాత్రమున ఉపయోగము అన్యాయమని ఊహింపరాదనియు, కొత్త కృతి మూలమునకు కొత్త అర్థమును, కొత్త ప్రయోజనమును ఎంతగా చేర్చినచో వాణిజ్యాంశము అంతగా తేలికపడుననియు న్యాయస్థానము చెప్పెను. ఆ తీర్పులో మరియొక ముఖ్యమైన మాట యున్నది. తీవ్రవిమర్శ వలన మూలకృతి యమ్మకము పడిపోయినను, అది శాసనము గుర్తించు నష్టము కాదు. బదులుగా నిలిచి కొల్లగొట్టినదే నష్టము.

ఇంటర్నెట్టు వీడియోల విషయమున 2017 నాటి హొస్సేన్‌జాదే – క్లైన్ తీర్పు మార్గదర్శకము. ఇది గేమును గూర్చినది కాకున్నను తగవు స్వభావమొక్కటే. 5 నిమిషముల 24 సెకనుల నిడివిగల యొక హాస్యవీడియోనుండి 3 నిమిషముల 15 సెకనుల భాగమును క్లైన్ దంపతులు తమ 14 నిమిషముల వీడియోలో ముక్కలు ముక్కలుగా చూపుచు అడుగడుగున ఎగతాళిగా విమర్శించిరి. మూలములో సగమునకు మించి గ్రహించినను న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానము అది న్యాయోపయోగమని నిర్ణయించెను. అయితే ఇట్టి వీడియోలన్నియు న్యాయోపయోగములని తన భావము కాదనియు, కొన్ని వ్యాఖ్య లేక పదిమంది కలసి చూచుటవలె నుండుననియు న్యాయమూర్తి హెచ్చరించెను. మా యభిప్రాయమున ఆ హెచ్చరికయే లెట్స్ ప్లేకు సరియైన గీటురాయి. మాట దృశ్యమును నడిపించుచున్నదా, లేక దృశ్యము నడచుచుండగా మాట పక్కన కూర్చుండి యున్నదా అని చూడవలెను.

2023లో వార్హాల్ ఫౌండేషన్ – గోల్డ్‌స్మిత్ తీర్పుతో ఈ పరీక్ష కఠినమైనది. కొత్త సౌందర్యమును చేర్చితినని చెప్పుకొన్నంత మాత్రమున చాలదనియు, మూలమునకును కొత్త కృతికిని ప్రయోజనమొకటే యైయుండి, వాడుక వాణిజ్యపరమైనచో, గ్రహించుటకు ప్రత్యేకమైన కారణము చూపవలెననియు సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో తేల్చెను. గేము వినోదము కొరకు, వీడియోయు వినోదము కొరకు అన్నచో వీడియోకర్త పక్షము బలహీనపడును. గేమును గూర్చి చెప్పుటకు ఆ గేమునే చూపవలసి వచ్చినదన్నచో బలపడును. లెట్స్ ప్లే వీడియోలను గూర్చి అమెరికా సుప్రీం కోర్టు ఇంతవరకు నేరుగా తీర్పు చెప్పలేదు గనుక, పై తీర్పులనుండి ఊహించి చెప్పుటయే గతి.

చూచుట, ఆడుట

నాలుగవ గీటురాయి విపణి. ఇచ్చట గేములకు గల ప్రత్యేకత బయటపడును. చదరంగపు పోటీని చూచినవానికి చదరంగమాడిన తృప్తి కలుగదు. పైగా తానును ఆడవలెనను కోరిక పుట్టవచ్చును. నైపుణ్యము ప్రధానముగా గల గేములలో వీడియో గేమునకు బదులు కాజాలదు. మైన్‌క్రాఫ్ట్ నిర్మాతలు తమ గేము వీడియోలకు మొదటినుండియు ఉదారముగా అనుమతి నిచ్చిరి. 2023 అక్టోబరు నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయినవని ప్రకటించిరి. వీడియోల వలననే ఇంత అమ్మకము జరిగినదని మేము చెప్పము. వీడియోలు అమ్మకమునకు గొడ్డలిపెట్టు కాలేదని మాత్రము చెప్పవచ్చును.

కథాప్రధానమైన గేముల స్థితి వేరు. అపరాధపరిశోధక నవలలో హంతకుడెవరో చివరిపుటవరకు చదివి వినిపించినచో ఆ నవలను కొనువారెందరుందురు? 2016 జనవరిలో వెలువడిన 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అను గేము దీనికి హృదయవిదారకమైన ఉదాహరణము. క్యాన్సరు వ్యాధితో మరణించిన తమ చిన్నికుమారుని కథను రయన్ గ్రీన్, ఆయన భార్య, మిత్రులు కలసి గేముగా రూపొందించిరి. అది చిన్నది, ఆటగాని యిచ్చకు అందు చోటు తక్కువ. దానిని ఆద్యంతము చూపిన వీడియోలను ఎందరో చూచిరి. వారిలో పెక్కుమంది గేమును కొనలేదని 2016 మార్చిలో గ్రీన్ ప్రకటించెను. వీడియోలను నిషేధింపుమని ఆయన కోరలేదు. కొంత భాగమే చూపి, సంభాషణకు దారితీసి, తక్కినది తామే యాడవలసినదిగా ప్రేక్షకులకు చెప్పుమని వీడియోకర్తలను కోరెను. నిర్మాతలనగా ధనమదాంధులైన మహాసంస్థలే యని తలచువారు ఈ ఉదంతమును గుర్తుంచుకొనవలెను.

కావున ఒక్క సూత్రము గేములన్నింటికి చెల్లదు. ఆటగాని కర్తృత్వము హెచ్చినకొలది వీడియోకు న్యాయ్యత హెచ్చును. ముందే వ్రాసిన కథ హెచ్చినకొలది వ్యాఖ్య మరింత బలముగా నుండవలసి వచ్చును.

హక్కు, అనుమతి

ఇంతవరకు చెప్పినది శాసనచర్చ. ఆచరణలో జరుగుచున్నది వేరు. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైటు శాసనము ప్రకారము, స్వామి ఫిర్యాదు పంపగానే వేదిక ఆ వీడియోను తొలగించినచో వేదికకు బాధ్యత తప్పును. వీడియోకర్త ప్రతిఫిర్యాదు పంపవచ్చును. స్వామి దావా వేయనిచో 10 నుండి 14 పనిదినములలోపల వీడియోను తిరిగి నిలుపవలెను. స్వామి దావా వేసినచో, బుద్ధిపూర్వకమైన అపహరణమునకు ఒక్క కృతికి 1,50,000 డాలర్లవరకు పరిహారము విధించుటకు శాసనమున వీలున్నది. ఆ భయముననే పెక్కుమంది ప్రతిఫిర్యాదుకు సాహసింపరు. న్యాయోపయోగమగునా కాదా యని యోచింపకయే ఫిర్యాదు పంపరాదని 2015లో లెంజ్ వ్యాజ్యమున తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానము చెప్పెను. కాని స్వామి మనఃపూర్వకముగా నట్లు నమ్మినచో చాలునని కూడ చెప్పుటచే ఆ రక్షణము పలుచనైపోయినది.

దీనికి తోడు యూట్యూబు 2007లో 'కంటెంట్ ఐడీ' అను యంత్రవిధానమును ప్రవేశపెట్టెను. స్వాములిచ్చిన నమూనాలతో ప్రతి వీడియోను యంత్రము పోల్చి చూచును. పోలిక కనబడినచో స్వామి వీడియోను నిరోధింపవచ్చును, గమనించుచుండవచ్చును, లేదా దాని ప్రకటనల ఆదాయమును తానే తీసికొనవచ్చును. యంత్రము దృశ్యమును గుర్తుపట్టగలదు. దృశ్యముపై చెప్పిన మాట విలువను తూచలేదు. స్టోరీ న్యాయమూర్తి వివేచించిన విమర్శకును, బదులగుటకును గల భేదము యంత్రమునకు తెలియదు.

2013 మే నెలలో నింటెండో సంస్థ ఈ విధానమునుపయోగించి తన గేముల దృశ్యములుగల లెట్స్ ప్లే వీడియోల ఆదాయమును తనవైపు మళ్లించుకొనెను. వీడియోకర్తలలో గొప్ప అలజడి పుట్టెను. 2015 జనవరిలో ఆ సంస్థ ఒక పథకమును ప్రారంభించెను. నమోదు చేసికొన్న వీడియోకు ప్రకటనల రాబడిలో 60 శాతము, చానలు మొత్తమును నమోదు చేసినచో 70 శాతము వీడియోకర్తకు చెందును; అదియు సంస్థ అంగీకరించిన గేములకే. 2018 చివర ఆ పథకమును ముగించి, సృజనాత్మకమైన వ్యాఖ్య జోడించినవారు తమ వీడియోలనుండి ఆదాయము పొందవచ్చునని సంస్థ నియమావళిని ప్రకటించెను. ఐదేండ్లలో ఒకే విధమైన వీడియోకు మూడు విధములైన గతులు పట్టినవి. ఈ మధ్యకాలమున శాసనములోని న్యాయోపయోగ విభాగమున ఒక్క అక్షరమైనను మారలేదు. మారినది సంస్థ చిత్తము మాత్రమే.

అనుమతికి గల బలహీనత 2017 సెప్టెంబరులో మరియొక విధమున వెల్లడియైనది. ప్యూడీపై అను పేర ప్రసిద్ధుడైన వీడియోకర్త వేరొక గేమును ప్రత్యక్షప్రసారమున ఆడుచు జాతిదూషణ చేసెను. అందులకు ఆగ్రహించి 'ఫైర్‌వాచ్' గేము నిర్మాతలు ఆ గేమునకు సంబంధించిన యతని వీడియోను కాపీరైటు ఫిర్యాదుతో తొలగింపజేసిరి. ఆ దూషణ నింద్యమనుటలో సందేహము లేదు. కాని తొలగింపబడిన వీడియోలో ఆ దూషణ లేదు. నిందకు శిక్షగా కాపీరైటు ఉపకరించినదన్నమాట. నేడు దుర్భాషకు వాడిన ఆయుధమును రేపు కఠినవిమర్శకు వాడుటకు అడ్డేమున్నది? అనుమతిపై బ్రతుకు విమర్శకుడు అనుమతి నిచ్చినవానిని నిర్భయముగా విమర్శింపజాలడు.

జపానులోని తీర్పు

అమెరికాలోవలె విశాలమైన న్యాయోపయోగ సూత్రము జపాను శాసనములో లేదు. ఉదాహరించుట మొదలగు ప్రత్యేక ప్రయోజనములకు వేరు వేరు మినహాయింపులు మాత్రము గలవు. 1984లోనే టోక్యో జిల్లా న్యాయస్థానము 'పాక్-మ్యాన్' గేమును చలనచిత్రముతో సమానమైన కృతిగా పరిగణించెను. ఈ పునాదిపై 2023 సెప్టెంబరులో సెండాయి జిల్లా న్యాయస్థానము ఒక క్రిమినల్ తీర్పు చెప్పెను. 'స్టైన్స్ గేట్' పరంపరకు చెందిన కథాప్రధానమైన గేమును ముగింపుతో సహా చూపుచు, ప్రకటనల ఆదాయము గడించిన వ్యక్తికి రెండేండ్ల కారాగారశిక్ష విధించి, దానిని ఐదేండ్లపాటు నిలిపివేసి, పది లక్షల యెన్‌ల జరిమానా వేసెను. గేము ఆడిన వీడియోకు అచ్చట శిక్ష పడుట అదే మొదటిసారి. ఆ గేము దాదాపు బొమ్మలతో కూడిన నవలవంటిది. మేము పైన చెప్పిన రెండవ జాతికి అది పరాకాష్ఠ. తీర్పు న్యాయమే యైనను, ఒక పౌరవివాదమునకు కారాగారమార్గము చూపుట తగునా యను సందేహము మాకు కలుగుచున్నది.

మన శాసనము

మన దేశమున 1957 నాటి కాపీరైటు శాసనము 52వ విభాగమున 'ఫెయిర్ డీలింగ్' అను మినహాయింపు గలదు. అమెరికా సూత్రమువలె అది విశాలము కాదు. పరిశోధనతో గూడిన సొంత ఉపయోగము, విమర్శ లేక సమీక్ష, వర్తమాన విషయముల నివేదనము అను ప్రయోజనములకే అది పరిమితము. వీనిలో చేరని వినోదపు వీడియో యెంత కొత్తదైనను ఈ గొడుగు క్రిందికి రాదు.

గేముల విషయమున ఇచ్చట మరియొక మెలిక యున్నది. ఈ మినహాయింపు కంప్యూటరు ప్రోగ్రాములకు వర్తింపదని విభాగము స్పష్టముగా చెప్పుచున్నది. గేము ప్రోగ్రాము కూడ గదా! ప్రోగ్రామును, తెరపై దృశ్యమును వేరుచేసి చూచినప్పుడే సమీక్షకునకు రక్షణ దొరకును. సమీక్షకుడు చూపునది దృశ్యమును; ప్రోగ్రాములోని ఒక్క పంక్తియైనను అతడు ప్రకటింపడు. కావున ఈ వివేచన తప్పక చేయదగినదని మా మతము.

మన న్యాయస్థానములు విమర్శకునకు ప్రతికూలములని తలపరాదు. తోప్పిల్ భాసి రచించిన ప్రసిద్ధ మలయాళ నాటకమునకు ప్రతినాటకముగా సివిక్ చంద్రన్ మరియొక నాటకము వ్రాసి, మూలమునుండి పాత్రలను, సంభాషణలను విరివిగా గ్రహించెను. 1996లో కేరళ హైకోర్టు తీసికొన్న భాగము యొక్క పరిమాణమును వ్యాఖ్యతో పోల్చి, ప్రయోజనమును విచారించి, రెండు నాటకముల నడుమ పోటీ కలుగునా యని పరిశీలించి, ప్రతినాటకము విమర్శయే యని అంగీకరించెను. ఈ మూడు ప్రశ్నలును గేము వీడియోకు అట్లే వర్తింపజేయదగినవి. ఇక వేదికల విషయమున, ఫిర్యాదు వచ్చినచో 21 దినములు నిలుపుదల చేసి, ఆలోపల న్యాయస్థానపు ఉత్తరువు రానిచో తిరిగి చూపవచ్చునని 2012 సవరణము నిర్దేశించినది. వీడియోకర్త పక్షమున ఇది మేలైన నియమమే. యంత్రము ఆదాయమును మళ్లించినప్పుడు మాత్రము ఈ నియమము వలన ప్రయోజనము లేదు.

ఉపసంహారము

ఈ చర్చ ఆటలాడు పిల్లలకు సంబంధించినది మాత్రమేయని తోచవచ్చును. అట్లు తలచుట సరికాదు. గేములలో నేడు కథాకథనము, పాత్రపోషణము, రసనిష్పత్తి గలవు. రేపు మన విద్యార్థులలో నొకడు ఒక గేములోని కథాసంవిధానమును గూర్చి ఉపన్యసించి, దృశ్యములను చూపుచు ఆ యుపన్యాసమును వీడియోగా ప్రకటింపవచ్చును. యంత్రము దానిని నిరోధించినచో అతడు ఏమని వాదింపవలెను? అనుమతి కలదా యని అడిగినవానికి, అనుమతి యక్కర లేదని చెప్పగలుగుటకు అతనికి మూడు ఆధారములు కావలెను. తన మాట దృశ్యమును నడిపించుచున్నది. చూపిన దృశ్యము ఆ మాటకు కావలసినంతయే. తన వీడియోను చూచినవాడు గేమును ఆడినవాడు కాలేదు. ఈ మూడును చూపగలిగినచో అతడు గడించిన సొమ్ము దోషము కాదు. చూపలేనిచో సొమ్ము గడింపకున్నను దోషము పోదు.

నిర్మాతలు ప్రకటించు నియమావళులు ఉపకారకములే. వానిని తృణీకరింపవలసిన పని లేదు. కాని యవి హక్కునకు తోడు నిలువవలెనే గాని, హక్కు స్థానము నాక్రమింపరాదు. మూలము స్వామి అనుమతించినప్పుడు మాత్రమే వ్యాఖ్య వ్రాయవలసిన రోజు వచ్చినచో, మిగులునవి స్తోత్రములే గాని వ్యాఖ్యలు కావు.